బ్యాంకు నిజాయితీ బ్రాంచిలో ఎక్కడ కనపడుతుంది? పీవోగా చేరబోతున్న కావలి తమ్ముడికి

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పెద్ద బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా సెలెక్ట్ అయ్యాడు, వచ్చే నెల జాయినింగ్. ఇంటర్వ్యూ కోసం బ్యాంకు వార్షిక నివేదిక చదివితే నైతికత, గవర్నెన్స్, సామాజిక బాధ్యత అని పేజీలకు పేజీలు ఉన్నాయట. "ఇవన్నీ బ్రాంచిలో నిజంగా ఉంటాయా, కాగితాలకేనా? మేనేజరే తప్పు పని చేయమంటే నాలాంటి కొత్తవాడు ఏం చేయాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, నేను 34 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను, అందులో సగానికి పైగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే. ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నా. నా అనుభవంలో తేలింది ఒక్కటే. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఆ బ్రాంచిలో "ఇది కుదరదు సార్" అని అనగలిగే మనిషి ఒకడున్నాడా, అన్నాక అతనికి ఏం జరిగింది, ఈ రెండూ చూస్తే చాలు, ఆ బ్యాంకు ఎలాంటిదో తెలిసిపోతుంది. నివేదికలో రాసినవి అబద్ధాలని నేననను. కానీ అవి నిలబడేదీ పడిపోయేదీ కౌంటర్ దగ్గరే.

ముందు నా తప్పే చెప్తాను. అప్పుడు నేను పొగాకు వేలం కేంద్రానికి దగ్గర్లో ఒక బ్రాంచికి మేనేజర్‌ని. మార్చి నెల. ఒకావిడ గొలుసు, రెండు జతల గాజులు తెచ్చి గోల్డ్ లోన్ పెట్టుకుంది, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి కట్టెలు కొనాలి, కూలీలకి ఇవ్వాలి. 80 వేలు శాంక్షన్ చేశాం. విత్‌డ్రా ఫారం రాయించుకుని డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆవిడ ఆగింది. "ఎనభై అన్నారు, డెబ్బైనాలుగే ఇస్తున్నారు, ఆరువేలు దేనికి కోసుకున్నారు సారూ?" అంది. కౌంటర్లో ఉన్న కుర్రాడు "బంగారానికి బీమా అమ్మా" అన్నాడు. బంగారానికి బీమా బ్యాంకు తన ఖర్చుతో చేయించుకుంటుంది, ఖాతాదారు దగ్గర తీసుకోదు. ఆ ఆరువేలు ఆవిడ పేరు మీద రాసిన పదేళ్ల జీవిత బీమా పాలసీకి మొదటి ప్రీమియం. ఆ మాట నాకు క్యాబిన్‌లోకి వినపడింది. నేను లేచి బయటికి రాలేదు.

ఇరవై రోజులకి ఆవిడ డిగ్రీ చదివే కొడుకుని వెంటపెట్టుకుని వచ్చింది. పోస్టులో వచ్చిన పాలసీ బాండు నా టేబుల్ మీద పెట్టి ఆ అబ్బాయి ఒక్కటే అడిగాడు, "సార్, మా అమ్మ ఏటా ఆరువేలు పదేళ్లు కడతానని ఎప్పుడు చెప్పింది?" అని. ఆ ఫారంలో సంతకం ఆవిడదే. లోన్ కాగితాల మధ్యలో పెట్టి చేయించిన సంతకం. అదృష్టం ఏంటంటే బాండు చేతికి అందిన తేదీ నుంచి 15 రోజుల్లోపు పాలసీ వద్దనుకునే హక్కు ఉండేది అప్పట్లో (ఇప్పుడది 30 రోజులు). ఆ లెటర్ నేనే రాసి, పంపించి, డబ్బు వెనక్కి వేయించాను, స్టాంపు ఖర్చు లాంటివి కొంచెం పోయాయి. వారం తర్వాత రీజనల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, పాలసీ ఎందుకు క్యాన్సిల్ అయింది అని. అమ్మిన రోజు ఎలా అమ్మావని నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. నన్నడిగే ప్రశ్నలన్నీ ఒకవైపు నుంచే వస్తుంటే, ఆ కుర్రాడిని నేను అడిగే ప్రశ్నలు కూడా ఒకవైపువే అయిపోయాయి.

అందుకే నువ్వు చేరాక కౌంటర్లో ఎవరైనా తప్పు చేస్తే వాణ్ణి దొంగ అని వెంటనే అనుకోవద్దు. ముందు వాడి మీదున్న టార్గెట్ ఏంటో చూడు. రోజూ సాయంత్రం గ్రూపులో బ్రాంచిల పేర్లు, ఎదురుగా అంకెలు, సున్నా ఉన్నవాళ్లకి ఎర్ర రంగు. ఆ టెన్షన్‌లో మనిషి అబద్ధం ఆడటం నేర్చుకుంటాడు. మన దగ్గరే కాదు, అమెరికాలో వెల్స్ ఫార్గో అనే పెద్ద బ్యాంకులో ఖాతాదారులకు తెలియకుండా లక్షల కొద్దీ ఖాతాలు తెరిచారు, అమ్మకాల టార్గెట్ల కోసం. 2016లో అది బయటపడి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 5 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది కింది స్థాయి వాళ్లే. ఆ బ్యాంకుకి కూడా నైతిక నియమావళి ఉంది, చక్కగా అచ్చు వేసిన పుస్తకమే. అదే ఏడాది మన దేశంలో ఒక విషయం పేపర్లలో వచ్చింది, జన్‌ధన్ ఖాతాల్లో జీరో బ్యాలెన్స్ లెక్క తగ్గించడానికి కొన్నిచోట్ల బ్యాంకు సిబ్బందే ఒక్కో ఖాతాలో ఒక్కో రూపాయి వేశారని. ఎవరి జేబూ నిండలేదు అందులో. అంకె బాగుండాలి, అంతే. మనుషుల్ని వదిలేసి అంకెని కాపాడుకోవడం అక్కడే మొదలవుతుంది.

ఇక గవర్నెన్స్. పరీక్షకి చదివేటప్పుడు ఈ మాట వినగానే బోర్డు, కమిటీలు గుర్తొస్తాయి. బ్రాంచిలో గవర్నెన్స్ అంటే చాలా మామూలు విషయాలు. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉండటం. ఒకడు ఎంట్రీ వేస్తే ఇంకొకడు చూసి పాస్ చేయడం. నీ పాస్‌వర్డ్ నువ్వే వాడటం, ఎంత రద్దీగా ఉన్నా సరే పక్కవాడికి చెప్పకపోవడం. వీటిని అందరూ విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నా చాలా ఏళ్లు.

ముఖ్యమైన సీట్లలో ఉన్న ఉద్యోగిని ఏడాదికి కనీసం పది పనిదినాలు, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆ పది రోజులూ అతను సిస్టంలోకి కూడా రాకూడదు. ఇదేం శిక్ష అనుకునేవాళ్లం. నేను పనిచేసిన ఇంకో బ్రాంచిలో గోల్డ్ లోన్లు చూసే ఆఫీసర్ చాలా మంచివాడు, ఏళ్ల తరబడి అదే సీటు, ఊళ్లో అందరికీ ఇష్టం. అతన్ని సెలవు మీద పంపి పక్క ఊరి నుంచి ఒకమ్మాయిని పెట్టాం. మూడో రోజు ఒక రైతు లోన్ కట్టి నగలు విడిపించుకోడానికి వచ్చాడు, ఆ అమ్మాయి సంచి తెరిచి, అక్కర్లేకపోయినా తూకం వేసింది. చీటీ మీద రాసిన బరువుకీ కాటా చూపించే బరువుకీ తేడా. నన్ను పిలిచింది. ఆ సాయంత్రం షట్టర్ దించి, ఇంకో ఊరి అప్రైజర్‌ని (నగలు పరీక్ష చేసి విలువ కట్టేవాణ్ణి) పిలిపించి సంచులన్నీ తిరిగి పరీక్ష చేయిస్తే పదకొండు సంచుల్లో నకిలీ నగలు తేలాయి. లోపల రాగి, పైన పూత. ఆఫీసర్ ఒక్క రూపాయి తినలేదు, అది విచారణలో కూడా తేలింది. అతను చేసిందల్లా అప్రైజర్‌ని నమ్మి చూడకుండా సంతకాలు పెట్టడం. అప్రైజర్‌కి జీతం ఉండదు, లోన్‌కి ఇంత అని ఫీజు. ఎన్ని లోన్లు అయితే అంత ఆదాయం ఉన్న మనిషినే నగలు మంచివో కాదో చెప్పమని అడుగుతున్నాం, ఆ ఏర్పాటులోనే చిక్కుంది. మంచితనం మీద ఆధారపడి బ్యాంకు నడపకూడదని నాకు అర్థమైంది అప్పుడే. తనిఖీ అనేది మంచివాడికి కూడా రక్షణే. ఆ ఆఫీసర్‌ని ముందే రెండుసార్లు సెలవు మీద పంపి ఉంటే అతని చివరి ఇంక్రిమెంట్లు పోయేవి కావు.

ఇదే కథ పెద్ద స్థాయిలో 2018 ఫిబ్రవరిలో దేశమంతా చూసింది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబై బ్రాంచి నుంచి వజ్రాల వ్యాపారుల కోసం విదేశాల్లో ఉన్న బ్యాంకు బ్రాంచిలకు హామీ పత్రాలు స్విఫ్ట్ అనే మెసేజ్ వ్యవస్థలో వెళ్లాయి, అవి బ్యాంకు సొంత లెక్కల సిస్టంలో మాత్రం ఎక్కలేదు. రెండు సిస్టంలకీ మధ్య లింకు లేదు. ఒకే మనిషి ఏళ్ల తరబడి అదే చోట. మొత్తం లెక్క 13 వేల కోట్లు దాటింది. స్విఫ్ట్ విషయంలో జాగ్రత్త అని రిజర్వు బ్యాంకు 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులన్నిటినీ హెచ్చరించిందని తర్వాత అదే ప్రకటించింది. హెచ్చరిక కాగితం పై నుంచి కిందికి వచ్చింది, కింద దాన్ని పని కింద ఎవరూ తీసుకోలేదు.

బోర్డు సంగతి ఎక్కువ చెప్పను, నీకు చదువుకున్నదే. 2021లో రిజర్వు బ్యాంకు ప్రైవేటు బ్యాంకుల ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్) 15 ఏళ్లకు మించి ఆ కుర్చీలో ఉండకూడదంది, ఆడిట్ కమిటీలో బయటి డైరెక్టర్లే ఉండాలంది. ఇది కూడా నేను చెప్పిన సెలవు నియమం లాంటిదే, మనిషి పెద్దవాడు, అంతే తేడా.

తిరగరాయడం (పాత లోన్ తీరినట్టు చూపించి కొత్త లోన్ ఇవ్వడం) గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మొదటి ఏడాదే నీ టేబుల్ మీదికి వస్తుంది. మన వైపు రైతు పంట లోన్ గడువు ముగిసే రోజుకి వడ్డీ తెచ్చుకుని, అసలు మొత్తం ఎక్కడో చేబదులు తెచ్చి ఉదయం కట్టి, మధ్యాహ్నం కొత్త లోన్ తీసుకుని సాయంత్రానికి ఆ చేబదులు తీర్చేస్తాడు. ఒక్క రోజుకి నూటికి ఇంత అని వడ్డీ తీసుకుని ఆ డబ్బు తిప్పేవాళ్లు బ్యాంకు మెట్ల మీదే కూర్చుని ఉంటారు కొన్ని ఊళ్లలో. ఇది రైతుకి భారం, బ్యాంకుకి తెలిసిన విషయం, ఎవరూ మాట్లాడరు. పెద్ద కంపెనీల దగ్గర ఇదే పనిని వందల కోట్లలో చేశారు, పాత అప్పు తీరినట్టు చూపించడానికి కొత్త అప్పు. 2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత సమీక్ష (బ్యాంకులు ఇచ్చిన అప్పులు నిజంగా ఎలా ఉన్నాయో చూసే తనిఖీ) మొదలుపెట్టి ఆ తెర తీస్తే, 2018 మార్చి నాటికి బ్యాంకుల మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. రైతు తిరగరాయించుకుంటే పేరు పెట్టి చిన్నచూపు చూసే మనం, సూటు వేసుకొచ్చినవాడికి టీ తెప్పించి తిరగరాసి ఇచ్చాం. ఈ అన్యాయం మీద నాకు ఇంకా కోపమే.

సామాజిక బాధ్యతకి వద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ, టర్నోవర్, లాభం వీటిలో ఏదైనా ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యతకి, ఖర్చు పెట్టాలి. ప్రైవేటు బ్యాంకులు కంపెనీలే కాబట్టి వాటికిది వర్తిస్తుంది. స్టేట్ బ్యాంకు 1955 చట్టంతో, జాతీయ బ్యాంకులు 1970, 1980 చట్టాలతో ఏర్పడ్డాయి కాబట్టి అవి ఈ సెక్షన్ కిందికి నేరుగా రావు, తమ పాలసీ ప్రకారం పెడతాయి. స్టేట్ బ్యాంకు ముందు ఏడాది నికర లాభంలో 1 శాతం కేటాయిస్తుంది. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు, అంటే లోన్ మేళా పెట్టి సమాజ సేవ అని రాయకూడదు.

ఈ డబ్బుతో మంచి పనులు జరుగుతాయి, కాదనను. కానీ కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టి నడుములు వంగిన ఊళ్లు నీకు తెలుసు. ఒక బ్యాంకు అలాంటి ఒక ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టింది, రిబ్బన్ కట్ చేశారు, ఫొటో నివేదికలోకి ఎక్కింది. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద వెళ్లి చూస్తే తాళం. మెంబ్రేన్ పాడైంది, మార్చడానికి పంచాయతీ దగ్గర డబ్బు లేదు, బ్యాంకు లెక్కలో ఆ ప్రాజెక్టు ముగిసిపోయింది. గోడ మీద శిలాఫలకం మాత్రం ఉంది. ఆడవాళ్లు ఆ ప్లాంటు ముందు నుంచే క్యాన్లు పట్టుకుని వెళ్లి డబ్బు పెట్టి నీళ్లు కొనుక్కుంటున్నారు. ప్లాంటు పెట్టిన రోజే అయిదేళ్ల మరమ్మతు ఖర్చు కూడా కలిపి శాంక్షన్ చేసి ఉంటే ఆ తాళం పడేది కాదు.

ఈ 2 శాతం కన్నా మిగతా డబ్బు ఎటు పోతోందన్నది వందరెట్లు పెద్ద విషయం. బ్యాంకు ఇచ్చే అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలి, ఆ 40లో 18 వ్యవసాయానికి పోవాలి. అది ఎవరికి చేరుతోంది? నెల్లూరు డెల్టాలో వరి వేసేవాళ్లలో, ప్రకాశంలో పొగాకు, శనగ వేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతోమంది. భూమి రికార్డులైన 1బి, అడంగల్ యజమాని పేరు మీద ఉంటాయి, ఆ భూమి మీద యజమాని అప్పటికే పంట లోన్ తీసుకుని ఉంటాడు. పంట వేసినవాడు కౌలు కార్డు పట్టుకుని వస్తే మనం యజమాని సంతకం అడుగుతాం, ఆయన పెట్టడు. 4 శాతానికి పడే కిసాన్ కార్డు లోను సాగు చేయనివాడికి, నూటికి నెలకి రెండు మూడు రూపాయల వడ్డీ సాగు చేసేవాడికి. లెక్కల్లో మాత్రం వ్యవసాయానికి 18 శాతం ఇచ్చినట్టే. నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు కౌలు రైతులని అయిదారుగురు చొప్పున ఉమ్మడి బాధ్యత గ్రూపులుగా (ఒకరి అప్పుకి అందరూ పూచీ) చేసి ఇచ్చాను, కొన్ని బాగా కట్టాయి, రెండు కట్టలేదు, ఆ రెండింటికీ సంజాయిషీ రాశాను. మళ్లీ అవకాశం వస్తే మళ్లీ ఇస్తాను. ఇంకోటి, 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదు. నీ బ్రాంచిలో లక్షన్నర పంట లోన్‌కి పొలం తనఖా రాయించుకుంటుంటే అది అలవాటు, రూల్ కాదు.

ఈ విషయంలో మన జిల్లాకి ఒక గొప్ప చరిత్ర ఉంది, నీ వయసు వాళ్లకి తెలుసో లేదో. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ కలిసిన చేతులే రోజుకి రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టాయి, పొదుపు లక్ష్మి గ్రూపులయ్యాయి. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు కూడా 1992లోనే పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. తాకట్టు లేని ఆడవాళ్లకి అప్పిస్తే తిరిగొస్తుందా అని మా సీనియర్లు భయపడ్డారు. వచ్చింది, మా పెద్ద ఖాతాదారుల కన్నా నమ్మకంగా వచ్చింది.

ఆ నమ్మకాన్నే తర్వాత మైక్రోఫైనాన్స్ సంస్థలు వాడుకున్నాయి. ఒకే ఇంటికి నాలుగైదు అప్పులు, వారం వారం వసూలు, ఇంటి ముందు కూర్చోవడం, చివరికి ఆత్మహత్యలు. 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ సంస్థలకి డబ్బు ఎక్కడిది? ఎక్కువ భాగం పెద్ద బ్యాంకులదే, అదీ ప్రాధాన్య రంగం లెక్కలో. మన చేతికి మట్టి అంటకుండా ఇంకొకరి చేత వసూలు చేయించాం. ఇప్పుడు యాప్ లోన్లూ, రికవరీ ఏజెంట్లూ అదే దారి. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది, ఏజెంటు చేసినదానికి బ్యాంకుదే బాధ్యత. నీ బ్రాంచి తరఫున ఎవరు ఎవరి ఇంటికి వెళ్తున్నారో తెలుసుకో, నువ్వు కొత్తవాడివైనా సరే.

జాయినయ్యాక మొదటి నెలలో మూడు విషయాలు గమనించు. లోన్ ఇచ్చేటప్పుడు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తెలుగులో ఇస్తున్నారా, 2024 అక్టోబర్ 1 నుంచి అది ఖాతాదారుకి అర్థమయ్యే భాషలో ఉండాలి, బీమాతో సహా ఖర్చులన్నీ కలిపి అసలు వడ్డీ ఎంతో అందులో కనపడాలి. నేను చెప్పిన ఆవిడ చేతిలో ఆ రోజు అలాంటి కాగితం ఉండుంటే కొడుకు దాకా వచ్చేది కాదు. ఇల్లు, పొలం లోన్ తీరాక దస్తావేజులు 30 రోజుల్లో వెనక్కి ఇస్తున్నారా చూడు, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు బ్యాంకే ఇవ్వాలి. ఫిర్యాదు రాసిన మనిషిని ఎలా చూస్తున్నారు అన్నది మూడోది. బ్యాంకు 30 రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి పైసా ఖర్చు లేకుండా వెళ్లొచ్చని ఆ మనిషికి నువ్వే చెప్పు. చెప్తే బ్రాంచికి చెడ్డ పేరని కొందరంటారు, వినొద్దు.

ఇక నీ చివరి ప్రశ్న. మేనేజర్ తప్పు పని చేయమంటే గట్టిగా వాదించొద్దు, గొడవ పడొద్దు. "సార్, మీరు ఫోన్లో చెప్పిన ఈ లోన్‌లో ఫీల్డ్ విజిట్ జరగలేదు, ఫలానా కాగితం లేదు, మీ రాతపూర్వక ఆదేశం వస్తే ముందుకు వెళ్తాను" అని మర్యాదగా మెయిల్ పెట్టు. నోటి మాటగా వచ్చే ఆదేశాల్లో చాలావరకు ఆ మెయిల్‌తో ఆగిపోతాయి. ఆగకపోతే విజిలెన్స్‌కి రాసే దారి ఉంది, ప్రభుత్వ బ్యాంకైతే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కి పేరు రహస్యంగా ఉంచే పద్ధతిలో రాయొచ్చు. దాని వల్ల ఇబ్బంది రాదని నేను మాట ఇవ్వలేను. ట్రాన్స్‌ఫర్లు చూశాను. కానీ సంతకం పెట్టి పదేళ్ల తర్వాత, పెన్షన్ ముందు, సీబీఐ నోటీసు అందుకున్నవాళ్లని కూడా చూశాను, వాళ్ల ముఖాలు మర్చిపోలేను.

అలాంటి మెయిల్ నాకూ ఒకసారి వచ్చింది. చేరి ఏడు నెలలైన అమ్మాయి, చేపల చెరువు లోన్ ఒకటి, నెలాఖరు లోపు వేసేయమని నేనే చెప్పాను. "సార్, చెరువు చూడ్డానికి వెళ్లాను, సర్వే నంబరులో చెరువు లేదు, మాగాణి ఉంది, ఫొటోలు జత చేశాను" అని రాసింది. నాకు కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే బండి మీద వెళ్లి చూసొచ్చాను, నిలువెత్తు వరి. లోన్ ఆపాను, ఆ నెల నా పేరు ఎర్ర రంగులోనే ఉంది. ప్రొబేషన్ ముగిసినప్పుడు ఆ అమ్మాయి రిపోర్టులో ఆ మెయిల్ ప్రింటు తీసి జత చేసి, ఈ ఆఫీసర్‌ని అడ్వాన్సుల (లోన్ల) సీటులో పెట్టండి అని రాసి పంపాను.